చివరి దశలో మనసుకు వైద్యం: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

గత నెల ఈ శీర్షికలో కేన్సర్ నొప్పికి ఇచ్చే మార్ఫిన్ మాత్రల గురించి రాశాను. దానికి స్పందనగా వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం నొప్పి సంగతి దాటి, ఇంట్లో ఒకరితో ఒకరు మాట్లాడుకోలేకపోతున్న విషయాల గురించే ఉన్నాయి. వాటిలో కొన్నింటికి ఈసారి సమాధానాలు ఇస్తున్నాను. ఊళ్ళ పేర్లు తప్ప మిగిలిన ఆనవాళ్ళు తీసివేశాను.

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్ళు. క్లోమగ్రంథి కేన్సర్ కాలేయానికి పాకిందనీ, కీమో వల్ల ఇక ప్రయోజనం ఉండదనీ చెప్పి, "ఇంటికి తీసుకెళ్ళండి, ఇష్టమైనవి పెట్టండి" అని పంపించారు. నాన్నగారికి మాత్రం కడుపులో పుండు అని చెప్పాం. నిజం తెలిస్తే కుంగిపోతారని అన్నయ్య భయం. ఈమధ్య ఆయన ఏమీ అడగడం మానేసి, గోడవైపు తిరిగి పడుకుంటున్నారు. చెప్పాలా, వద్దా?
– ఒక కుమార్తె, తెనాలి

సమాధానం: ఆయన అడగడం మానేశారన్న మీ మాట దగ్గరే నేను ఆగిపోయాను. అడగడం మానేసిన మనిషికి ఏమీ తెలియదని అనుకోవడానికి లేదు. ఒళ్ళు చిక్కిపోవడం, కళ్ళు పచ్చబడటం, చూడవచ్చిన బంధువులు వసారాలో గొంతు తగ్గించి మాట్లాడుకోవడం, ఆసుపత్రిలో తాను కూర్చున్న గది తలుపు మీద ఉన్న అక్షరాలు, ఇవన్నీ ఆయన చూస్తూనే ఉన్నారు. అమెరికాలో బార్నీ గ్లేసర్, ఆన్సెల్మ్ స్ట్రాస్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు మరణానికి చేరువైన రోగులను ఆసుపత్రుల్లో దగ్గరగా గమనించి, రోగికీ సంగతి తెలిసి, ఇంటివారికీ తెలిసి, ఇద్దరూ తెలియనట్టు నటించే పరిస్థితిని 1965లోనే వివరంగా రాశారు. ఆ నటనలో రోగి ఎదుటివారి కోసం తన భయాన్ని మింగుతాడు. ఎదుటివారు రోగి కోసం తమ ఏడుపును వంటింట్లో దాచుకుంటారు. మీ ఇంట్లో జరుగుతున్నది ఇదేనని నా అనుమానం.

అయినా "చెప్పాలా, వద్దా" అన్న ప్రశ్నను నేను కొంచెం మార్చి అడుగుతాను. నాన్నగారికి ఎంత తెలుసు, ఇంకా ఎంత తెలుసుకోవాలని ఉంది? చేదువార్త చెప్పడానికి కేన్సర్ వైద్యులకు నేర్పే ఆరు మెట్ల పద్ధతి ఒకటి 2000లో వెలువడింది. అందులో కూడా సమాచారం ఇవ్వడం నాలుగో మెట్టు మాత్రమే. స్థిమితంగా కూర్చోవడానికి చోటు చూసుకోవడం, రోగి ఏమనుకుంటున్నాడో వినడం, ఎంతవరకు వినదలచుకున్నాడో అడగడం దానికంటే ముందు వస్తాయి. ఇంట్లో ఎవరూ లేని వేళ ఆయన పక్కన కూర్చుని, "నాన్నా, ఈ జబ్బు గురించి మీకేమనిపిస్తోంది?" అని ఒక్క మాట అడిగి, ఆ తరువాత వచ్చే మౌనాన్ని మీరు నింపకుండా ఉండండి. "నువ్వూ అన్నయ్యా చూసుకోండమ్మా, నాకేం చెప్పొద్దు" అంటే అది ఆయన నిర్ణయం, దానిని గౌరవించాలి. "ఇది తగ్గేది కాదు కదా?" అంటే మాత్రం "ఛ, అవేం మాటలు" అని కొట్టిపారేయకండి. తగ్గించే మందు లేదంటున్నారనీ, నొప్పి లేకుండా చూసే మందులు ఉన్నాయనీ, ఎవరూ ఎక్కడికీ వెళ్ళరనీ చెప్పండి. ఎన్ని నెలలు అన్న లెక్క ఆయన అడగనిదే ఎత్తవద్దు. అడిగినా దానికి జవాబు డాక్టరు ఇవ్వడమే మంచిది.

అన్నయ్యగారి భయం ప్రేమలోంచి వచ్చింది కనుక ఆయనతో వాదించకండి, ఈ సంగతి మాత్రం చెప్పండి. ముదిరిన కేన్సర్ ఉన్న 332 మంది రోగులనూ, వారిని చూసుకుంటున్నవారినీ అనుసరించిన ఒక అమెరికన్ అధ్యయనం 2008లో ప్రచురితమైంది. చివరి రోజుల గురించి డాక్టరుతో మాట్లాడిన రోగులలో మానసిక కుంగుబాటు మిగిలినవారికంటే ఎక్కువగా కనబడలేదు. వెంటిలేటరు వంటి తీవ్ర చికిత్సలు వారికి తక్కువగా జరిగాయి. అలాంటి తీవ్ర చికిత్సల మధ్య ఆప్తులను పోగొట్టుకున్నవారిలోనే తరువాత కుంగుబాటు ఎక్కువగా ఉంది. నిజం విన్నాక నాన్నగారు ఏడవవచ్చు, రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడకపోవచ్చు. అది దుఃఖం, జబ్బు కాదు. మనవడు దగ్గరికి వచ్చినా ముఖంలో మార్పు లేకపోవడం, తాను అందరికీ భారమన్న మాట వదలకపోవడం, చావు త్వరగా రావాలని రోజూ కోరుకోవడం వారాల తరబడి ఉంటే అది కుంగుబాటు వ్యాధి, దానికి మందు ఉంది. నిద్ర, ఆకలి తగ్గడాన్ని మాత్రం గుర్తుగా తీసుకోవడానికి లేదు, కేన్సరే ఆ రెంటినీ తగ్గిస్తుంది. కుంగుబాటు మందులు పనిచేయడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది కాబట్టి, గోడవైపు తిరిగి పడుకోవడం ఇలాగే సాగితే సైకియాట్రిస్టును ఆలస్యంగా కలవడం మీకు కలిసిరాదు.

ఇంకొక సంగతి. మన ఇళ్ళలో ఈ వయసు తండ్రుల బెంగలో సగం లౌకికమైనది. నోటిమాట మీద ఇచ్చిన అప్పు, ఎవరి పేరా మార్చని పొలం, తన తరువాత భార్య ఏ కొడుకు దగ్గర ఉండాలన్న విషయం, ఇవి ఆయన ఒక్కరి తలలోనే ఉంటాయి. కడుపులో పుండు అన్నంత కాలం వాటిని దించుకునే అవకాశం ఆయనకు లేదు.

ప్రశ్న: నేను లెక్కల ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. ఊపిరితిత్తుల కేన్సర్, నాలుగో దశ. నాకు అంతా తెలుసు, ఎవరూ ఏమీ దాచలేదు. మా డాక్టరుగారు కౌన్సెలింగ్‌కు వెళ్ళమంటున్నారు. మాటలతో కణితి కరగదు కదా. ఆ గదిలో అసలు ఏం చేస్తారో, దానివల్ల ఒరిగేదేమిటో అలంకారాలు లేకుండా చెప్పగలరా?
– ఒక పాఠకుడు, వరంగల్

సమాధానం: కరగదు, మాష్టారూ. కరుగుతుందని ఎవరైనా చెబితే వారి దగ్గరికి వెళ్ళకండి.

ముందుగా, అక్కడ ఏం చేయరో చెబుతాను. 1969లో ఎలిజబెత్ కూబ్లర్ రాస్ అనే మనోవైద్యురాలు, మరణం ఎదురైన మనిషి నిరాకరణ, కోపం, బేరం, కుంగుబాటు, అంగీకారం అన్న ఐదు స్థితులను అనుభవిస్తాడని రాశారు. అది ఎంత ప్రచారం పొందిందంటే, కౌన్సెలర్లు రోగిని ఒక తరగతి నుంచి పై తరగతికి పంపుతారని చాలామంది అనుకుంటున్నారు. మనుషులు ఆ వరుసలో నడవరు. ఉదయం అంగీకారం, మధ్యాహ్నం కోపం, రాత్రి "ఇంకో ఆసుపత్రిలో చూపిద్దామా" అన్న ఆశ ఒకే రోజులో వచ్చిపోతాయి. మంచి కౌన్సెలర్ మిమ్మల్ని అంగీకారం వైపు తోయరు.

చేసేది ఏమిటంటే, ఒక పద్ధతిని ఉదాహరణగా తీసుకుందాం. కెనడాలోని విన్నిపెగ్‌కు చెందిన హార్వే చోచినోవ్ అనే మనోవైద్యుడు తయారుచేసినది, గౌరవ చికిత్స అనవచ్చు. రోగిని కొన్ని ప్రశ్నలు అడుగుతారు. మీ జీవితంలో మీకు బాగా గుర్తున్న రోజులు ఏవి, నిండుగా బతికినట్టు అనిపించింది ఎప్పుడు, మీరు చేసిన పనుల్లో దేనిని చూసి గర్వపడతారు, మీ వాళ్ళకు చెప్పవలసినది ఏమైనా మిగిలిందా, వారికి ఏ సలహా ఇచ్చి వెళ్ళాలనుకుంటున్నారు. దాదాపు గంటసేపు జరిగే ఆ సంభాషణను రికార్డు చేసి, రాతలో పెట్టి, మీకు చదివి వినిపిస్తారు. మీరు దిద్దుతారు. తమ్ముడి మీద ఎప్పటిదో కోపం అందులో దొర్లితే, అది చదివినవారికి ఏమవుతుందో అని మిమ్మల్ని అడిగి, ఉంచాలో తీయాలో తేల్చుకుంటారు. చివరికి ఆ కాగితాలు మీవి, ఎవరికి ఇవ్వాలో మీ ఇష్టం.

ఫలితం సంగతికి వస్తే, 2011లో ప్రచురితమైన పెద్ద పరీక్షలో 441 మంది రోగులను మూడు వర్గాలుగా చేసి చూశారు. బాధను కొలిచే కొలమానాలలో ఈ చికిత్స తీసుకున్నవారికీ మిగిలినవారికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కానీ తమకు ఉపయోగపడిందనీ, తమ గౌరవం నిలిచిందనిపించిందనీ, కుటుంబం తమను చూసే తీరు మారిందనీ చెప్పినవారు ఈ వర్గంలో ఎక్కువ. లెక్కల మాష్టారు కనుక రెండు సంగతులనూ మీ ముందు పెడుతున్నాను. మీ జబ్బుకే సంబంధించిన మరొక పరీక్ష 2010లో బోస్టన్ నుంచి వచ్చింది. కొత్తగా బయటపడిన, అప్పటికే పాకిన ఊపిరితిత్తుల కేన్సర్ ఉన్న 151 మందిలో కొందరికి మామూలు చికిత్సతోపాటు మొదటి నుంచీ పాలియేటివ్ కేర్, అంటే రోగి బాధలను తగ్గించడం మీద దృష్టి పెట్టే సంరక్షణ, కూడా ఇచ్చారు. వారిలో కుంగుబాటు తక్కువగా ఉంది. చివర్లో తీవ్ర చికిత్సలు తక్కువగా తీసుకున్నా, వారి మధ్యస్థ జీవితకాలం (అంటే సగం మంది దాటిన కాలం) 11.6 నెలలు, మిగిలినవారిది 8.9 నెలలు. అయితే అందులో ఇచ్చినది ఒక్క కౌన్సెలింగ్ కాదు, నొప్పి, ఆయాసం, మాట, నిర్ణయాలు అన్నీ కలిసిన సంరక్షణ. శరీర బాధ, మనసు బాధ, ఇంటి బాధ్యతల బాధ, ఆధ్యాత్మికమైన బాధ విడివిడిగా ఉండవని, అన్నింటినీ కలిపి చూడాలని సిసిలీ సాండర్స్ అన్నారు. ఆమె నర్సుగా మొదలై, ఆసుపత్రి సామాజిక కార్యకర్తగా పనిచేసి, ఆ తరువాత వైద్యం చదివారు. 1967లో లండన్‌లో ఆమె తెరిచిన సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (చివరి దశ రోగులను చూసుకునే చోటు) నుంచే ఈ సంరక్షణ ఇప్పుడున్న రూపానికి వచ్చింది.

మీ విషయంలో ఆయాసానికీ భయానికీ ఉన్న లంకెను తప్పక అడగండి. ఆయాసం భయాన్ని పెంచుతుంది, భయం ఊపిరిని ఇంకా బిగిస్తుంది. ముఖం మీదికి చిన్న ఫ్యాను గాలి, ముందుకు వంగి కూర్చునే పద్ధతి, వదిలే ఊపిరిని పొడిగించడం, అవసరమైతే తక్కువ మోతాదు మార్ఫిన్, వీటిని నేర్పడం కూడా ఈ చికిత్సలో భాగమే.

తెలంగాణలో చాలా జిల్లాలలో ప్రభుత్వ ఆసుపత్రుల ఆధ్వర్యంలో పాలియేటివ్ కేర్ విభాగాలు ఉన్నాయి, ఇంటికి వచ్చి చూసే బృందాలూ ఉన్నాయి. హైదరాబాదులో ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రిలో ఈ విభాగం చాలాకాలంగా పనిచేస్తోంది. స్పర్శ్ హాస్పిస్ చివరి దశ రోగులను రుసుము లేకుండా చూసుకుంటుంది. కేరళలో పల్లెపల్లెకూ ఉన్నంత వ్యవస్థ మనకు లేదన్నది మాత్రం ఒప్పుకోవలసిన మాట. అక్కడ 1993లో కోళికోడ్‌లో చిన్నగా మొదలై, 2008 నాటికి రాష్ట్ర ప్రభుత్వ విధానంగా మారింది.

ప్రశ్న: నా భార్యకు రొమ్ము కేన్సర్ ఎముకలకూ కాలేయానికీ పాకింది. బాబుకు ఏడేళ్ళు, పాపకు పన్నెండు. పిల్లలను మా అత్తగారి ఊరికి పంపేస్తే మంచిదని పెద్దలు అంటున్నారు. పిల్లలకు ఏం చెప్పాలి?
– ఒక పాఠకుడు, కర్నూలు

సమాధానం: పంపకండి. పంపితే వారికి మిగిలేది, అమ్మకు ఏదో అవుతుంటే తమను ఇంట్లోంచి తీసేశారన్న జ్ఞాపకం.

ఏడేళ్ళ వయసులో చావు అంటే తిరిగి రాకపోవడమని అర్థం కావడం మొదలవుతుంది. కానీ తాను అల్లరి చేయడం వల్లే అమ్మకు జబ్బు వచ్చిందని నమ్మే వయసు కూడా అదే. అందుకని బాబు అడగకపోయినా మూడు సంగతులు చెప్పండి. ఈ జబ్బు నీ వల్ల రాలేదు, ముట్టుకుంటే అంటుకోదు, అమ్మ లేకపోయినా నిన్ను బడికి పంపేదీ అన్నం పెట్టేదీ వీళ్ళు అని పేర్లతో సహా చెప్పండి. "అమ్మ నిద్రపోయింది", "ఊరెళ్ళింది" అన్న మాటలు వద్దు. నిద్రపోయిందంటే రాత్రి పడుకోవడానికి భయపడతాడు, ఊరెళ్ళిందంటే గుమ్మంలో కూర్చుని ఎదురుచూస్తాడు. "చనిపోవడం" అన్న మాట వాడండి. దేవుడి ప్రస్తావన మీ ఇంటి నమ్మకాన్ని బట్టి ఉంటే ఉండవచ్చు, కానీ "మంచివాళ్ళను దేవుడు త్వరగా తీసుకుంటాడు" అనవద్దు. మంచిగా ఉండటమే మానేస్తాడు.

పాప సంగతి వేరు. ఆమెకు దాదాపు అన్నీ తెలిసే ఉంటాయి. మన ఇళ్ళలో ఈ వయసు ఆడపిల్ల చెప్పకుండానే వంట అందుకుంటుంది, తమ్ముడిని చూసుకుంటుంది, వచ్చినవారంతా "ఎంత బుద్ధిమంతురాలు" అని మెచ్చుకుంటారు. ఆ మెప్పు ఆమె ఏడ్చే హక్కును లాగేసుకుంటుంది. ఆటకు పంపండి. తరగతి టీచరుకు పరిస్థితి చెప్పండి. మందు వేళకు అమ్మకు నీళ్ళందించడం వంటి ఒక్క చిన్న పని ఆమెకు ఇస్తే చాలు.

మీ భార్యకు ఓపిక ఉన్నరోజు, ఆమెకు ఇష్టమైతే, పిల్లలు పుట్టినప్పటి కబుర్లు, వారికి ఆ పేర్లు ఎందుకు పెట్టారో, పప్పుచారు తాను ఎలా పెడుతుందో ఫోనులో రికార్డు చేయించండి. పెళ్ళి వరకు ఏటా పుట్టినరోజుకు ఒక ఉత్తరం చొప్పున రాసిపెట్టమని కొందరు సలహా ఇస్తారు. నేను అంతగా ప్రోత్సహించను. నీరసంగా ఉన్న తల్లికి అది పరీక్ష రాసినట్టు ఉంటుంది. పూర్తికాకపోతే, ఆగిపోయిన ఏడాది పిల్లలకు మరో గాయం.

ప్రశ్న: నేను న్యూజెర్సీలో ఉంటాను. రాజమహేంద్రవరంలో మా అమ్మకు అండాశయ కేన్సర్ చివరి దశ. వీసా సమస్య వల్ల వెంటనే రాలేను. ఆయాసం వస్తే ఐసీయూలో చేర్చమని నేను, వద్దని అన్నయ్య. ఖర్చు నేను పెట్టుకుంటానన్నా వినడం లేదు.
– ఒక కుమారుడు

సమాధానం: దూరంగా ఉన్న బిడ్డ చివరి నిమిషంలో అన్ని చికిత్సలూ చేయాలని పట్టుబట్టడాన్ని మీరున్న దేశపు వైద్యులు "కాలిఫోర్నియా నుంచి వచ్చిన కూతురు" అని పిలుస్తారు. 1991లో ఒక వైద్య పత్రికలో వచ్చిన మాట అది. మిమ్మల్ని ఎత్తిపొడవడానికి చెప్పడం లేదు. దగ్గర ఉన్నవాడు అమ్మ రోజురోజుకూ తగ్గిపోవడం చూశాడు, ఆ రాత్రుళ్ళు మీకు దొరకలేదు. దొరకనిదానికి ఖర్చుతో బదులు తీర్చాలని మనసు తొందరపెడుతుంది.

ఐసీయూలో ఆమె పక్కన అన్నయ్య కూడా ఉండలేరు. గొంతులో గొట్టం ఉంటే మీతో వీడియోలో ఒక్క మాట కూడా మాట్లాడలేరు. ఆయాసానికి ఇంట్లోనే ఇవ్వదగిన మందులు ఉన్నాయి. ముఖ్యంగా, మీ ఇద్దరిలో ఎవరూ అమ్మ ఏమంటున్నారో రాయలేదు. ఆమె స్పృహలో ఉంటే నిర్ణయం ఆమెది. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, గౌరవంగా మరణించే హక్కు జీవించే హక్కులో భాగమని చెబుతూ, కోలుకునే ఆశ లేని స్థితిలో తనకు ఏ చికిత్సలు వద్దో ముందుగా రాసిపెట్టుకోవడాన్ని అనుమతించింది. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులభం చేసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి నోటరీతోగానీ గెజిటెడ్ అధికారితోగానీ ధ్రువీకరింపజేస్తే చాలునంది. పత్రం రాసినా రాయకపోయినా, ఈ వారం అమ్మను ఇద్దరూ కలిసి వీడియో కాల్‌లో అడగండి.

మీ అపరాధభావం మీ ఒక్కరి సమస్య అనుకోకండి. చాలా అమెరికన్ కంపెనీలు ఉద్యోగులకు కొన్ని కౌన్సెలింగ్ సమావేశాలు ఉచితంగా ఇస్తాయి, మీ హెచ్.ఆర్. విభాగాన్ని అడగండి. రోజూ ఒకే వేళకు ఫోను చేయండి. "ఎలా ఉందమ్మా" అని అడగడమే కాకుండా, మీ రోజు ఎలా గడిచిందో కూడా చెప్పండి. జబ్బు ఊసు లేని పది నిమిషాలు ఆమెకు వేరెవరూ ఇవ్వడం లేదు.

ప్రశ్న: మా ఆయన నాలుగు రోజులుగా అన్నం ముట్టడం లేదు, చెంచాతో పెట్టినా మింగడం లేదు. పిల్లలు సెలైన్ పెట్టించమంటున్నారు. ఆకలితో పంపించేస్తున్నానా అని నా ప్రాణం కొట్టుకుంటోంది.
– ఒక పాఠకురాలు, అనంతపురం

సమాధానం: లేదమ్మా. తినకపోవడం వల్ల ఆయన వెళ్ళిపోవడం లేదు. వెళ్ళిపోయే దశలో శరీరం ఆహారాన్ని వాడుకోలేదు కనుక ఆకలిని ఆపేసుకుంది. బలవంతంగా పెట్టినది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఈ దశలో సెలైన్ చాలాసార్లు కాళ్ళ వాపుగానూ గొంతులో గురగురగానూ తేలుతుంది. ఇన్నేళ్ళూ అన్నం పెట్టి చూపిన ప్రేమను ఇప్పుడు వేరే పనిలో చూపవలసి ఉంటుంది. తడిగుడ్డతో పెదవులు అద్దండి, నోరు ఎండకుండా రెండు మూడు చుక్కల నీళ్ళు చాలు, తులసి తీర్థమైనా సరే. అరికాళ్ళకు కొబ్బరినూనె రాయండి. ఆయనతో మాట్లాడండి. స్పృహ లేనట్టు కనిపించే హాస్పిస్ రోగుల మెదడు కూడా శబ్దానికి స్పందించగలదని 2020లో కెనడా పరిశోధకులు చూపారు.

ప్రశ్న: మా అత్తగారికి మోటార్ న్యూరాన్ వ్యాధి (కండరాలను నడిపే నరాలు క్రమంగా దెబ్బతినే జబ్బు). మూడేళ్ళుగా ఎత్తి కూర్చోబెట్టడం, గొట్టం ద్వారా ఆహారం పోయడం అన్నీ నేనే. ఇద్దరు ఆడపడుచులు ఫోనులో సలహాలు ఇస్తారు. కొన్ని రాత్రులు ఇది ఎప్పుడు ముగుస్తుందా అనిపిస్తోంది. నేను పాపిష్టిదాన్నా?
– ఒక కోడలు, నల్గొండ

సమాధానం: కాదు. ముగియాలని మీరు కోరుకుంటున్నది ఆమె బాధనూ మీ అలసటనూ, ఆమెను కాదు. రోగులను ఏళ్ళ తరబడి చూసుకున్నవారిలో ఈ ఆలోచన రాని వారు తక్కువ, బయటకు చెప్పేవారు ఇంకా తక్కువ. ఆమె పోయాక మీకు కొంత ఊరట కలగవచ్చు, వెనువెంటనే ఆ ఊరటకు సిగ్గు కలగవచ్చు. రెండూ సహజమేనని ఇప్పుడే తెలుసుకుని ఉండటం మంచిది.

అప్పటి దుఃఖం గురించి కూడా ఒక మాట. పదకొండో రోజు దాటగానే బంధువులు వెళ్ళిపోతారు, ఆ తరువాతి నెలలే కష్టం. దుఃఖానికి గడువు లేదు కానీ, పోయినవారి తలపు తప్ప మరేదీ పట్టకుండా, రోజువారీ పనులు సాగకుండా ఆరు నెలలు దాటితే ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ దానిని చికిత్స అవసరమైన స్థితిగా గుర్తిస్తుంది. మీకైనా, మీ భర్తగారికైనా అలా అనిపిస్తే 14416కు ఫోను చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ నంబరు. రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు ఉండదు. ఇప్పుడు నిద్రలేక సతమతమవుతున్న రాత్రుళ్ళలో కూడా చేయవచ్చు.

ఇక ఇప్పటికి కావలసినది మీకు విరామం. జిల్లా ఆసుపత్రి పాలియేటివ్ విభాగంలో కొన్ని రోజులు చేర్చుకుంటారేమో కనుక్కోండి. ఆడపడుచులకు "వచ్చి సాయం చేయండి" అంటే ఎవరూ రారు. ఫలానా నెల మొదటి పది రోజులు పెద్దావిడ, తరువాతి నెల మొదటి పది రోజులు చిన్నావిడ అని తేదీలతో అడగాలి. వచ్చిన రోజున గొట్టం ఎలా వాడాలో పక్కన ఉండి చూపించి, మర్నాడు మీరు పుట్టింటికి బయలుదేరండి. ఆ ఇద్దరికీ ఫోను చేయవలసినది మాత్రం మీరు కాదు, మీ భర్తగారు.